లండన్ మారథాన్‌లో అందరికీ చోటు

ఏటా వసంతకాలంలో, సాధారణంగా ఏప్రిల్ నెలలో, ఒక ఆదివారం నాడు లండన్ నగరంలోని అనేక ప్రధాన వీథులలో వాహనాలను నిలిపివేస్తారు. గ్రీనిచ్ పరిసరాలలో మొదలై, టవర్ బ్రిడ్జిని దాటి, బకింగ్‌హామ్ రాజభవనం ఎదుటనున్న మాల్ వీథిలో ముగిసే ఆ పరుగు దూరం 42.195 కిలోమీటర్లు. విద్యార్థులారా! మీలో కొందరు దారి పక్కన నిలిచి చప్పట్లు కొట్టియే ఉంటారు.

దాని నేటి పేరు టీసీఎస్ లండన్ మారథాన్. టీసీఎస్ అనగా టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్. 1968లో ప్రారంభమైన ఈ భారతీయ సాంకేతిక సంస్థకు హైదరాబాదులోనూ పెద్ద కార్యాలయాలున్నాయి. మీ బంధువులెవరైనా అందులో పనిచేస్తూ ఉండవచ్చు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే సంస్థకు పరుగుతో ఏమి పని? ఇంత పెద్ద పరుగు జరపాలంటే దారి పొడవునా మంచినీరు, వైద్యులు, కంచెలు, కాపలా అన్నీ కావాలి. వాటికి ధనం కావాలి. ప్రాయోజక సంస్థ ధనమిస్తుంది. అందుకు బదులుగా పరుగుకు తన పేరు పెట్టుకుంటుంది. కనుక ఇది దానం కాదు, ఒక ఒప్పందం. అందులో తప్పేమీ లేదు. న్యూయార్క్ మారథాన్‌కు 2014 నుండి, లండన్ మారథాన్‌కు 2022 నుండి ఆ పేరు జతపడింది.

ధనంతో పాటు ఈ సంస్థ తన విద్యను కూడా వినియోగిస్తున్నది. పరుగెత్తే ప్రతివారూ ఒక చిన్న చిప్ ధరిస్తారు. దారిలో అక్కడక్కడ పరచిన ప్రత్యేకమైన చాపలను దాటినప్పుడెల్లా ఆ చిప్ వలన వారి సమయం నమోదవుతుంది. ఆ వివరం సంస్థ తయారుచేసిన యాప్ ద్వారా ఇంటివారికి చేరుతుంది. వేలమంది ఒకేసారి గీత దాటలేరు కదా! చివరి వరుసలోని వ్యక్తి ఎంతో ఆలస్యంగా బయలుదేరినా, అతని సమయం అతడు గీత దాటిన క్షణం నుండియే లెక్కకు వస్తుంది.

అయితే ఈ పరుగు అందరిదీ కావడం ఏ సంస్థ చలవా కాదు. లండన్ మారథాన్ 1981లో ఆరంభమైనది. చక్రాల కుర్చీల పోటీ మొదలైనది 1983లో. అనగా టీసీఎస్ పేరు చేరడానికి 39 సంవత్సరాల ముందే. ఈ సంగతి మరువరాదని నా అభిప్రాయం.

పోటీకి వాడే కుర్చీ ఆసుపత్రిలో కనబడే కుర్చీ వంటిది కాదు. వెనుక రెండు పెద్ద చక్రాలు, ముందుకు చాచిన కడ్డీ కొనకు ఒక చిన్న చక్రం ఉంటాయి. సైకిలుకున్నట్లు గేర్లు ఉండవు. క్రీడాకారులు గట్టి చేతితొడుగులతో చక్రాల అంచులను కొట్టుతూ ముందుకు సాగుతారు. ఎంత వేగమనుకుంటున్నారు? 2023లో లండన్‌లో కాలినడక పరుగు గెలిచిన కెల్విన్ కిప్టమ్‌కు 2 గంటల 1 నిమిషం 25 సెకన్లు పట్టింది. అదే రోజు, అదే దారిలో మార్సెల్ హుగ్ చక్రాల కుర్చీలో 1 గంట 23 నిమిషాల 44 సెకన్లకే గమ్యం చేరాడు! ఇంత వేగం వలననే వారిని గుంపుతో కలపక, ముందుగా విడిగా పంపుతారు.

ఇంత కష్టపడినా బహుమతి ధనం మాత్రం చాలాకాలం వారికి తక్కువే. 2024లో ఆ తేడా తొలగింది. పురుషులలోను, స్త్రీలలోను, కాళ్లతో పరుగెత్తి గెలిచినవారికీ, చక్రాల కుర్చీలో గెలిచినవారికీ తలా 55,000 డాలర్లు నిర్ణయించారు. నాలుగు దశాబ్దాలు పట్టిన మార్పు ఇది.

చూపు లేనివారు తోడుగా పరుగెత్తేవారితో కలిసి ఒకే పట్టీని చేతబట్టుకొని సాగుతారు. మలుపు వచ్చినా, మెట్ట వచ్చినా తోడు వ్యక్తి ముందుగా చెప్పుతాడు. ఇద్దరి అడుగులూ కలియడానికి నెలల అభ్యాసం కావాలి. అందరికంటె వెనుక నడిచేవారిని ఒంటరిగా విడువకుండా, వారితో నడవడానికి స్వచ్ఛంద సేవకులు కూడా ఉంటారు.

పిల్లలకు మినీ లండన్ మారథాన్ ఉన్నది. ఇంగ్లండులోనే కాక, బ్రిటన్‌లోని ఏ పాఠశాలయైనా తన ఆవరణలోనే దానిని జరుపుకోవచ్చు. దూరం 2.6 మైళ్లు, అనగా పెద్దవారి 26.2 మైళ్లలో సుమారు పదవ వంతు. ఒక్కరోజులోనే ముగించనక్కరలేదు, కొన్ని దినాలకు పంచుకోవచ్చు. పరుగెత్తినా, నడిచినా, చక్రాల కుర్చీలో సాగినా లెక్కకు వస్తుంది.