మీకు తెలుసా? సైకిల్ ముందు కుక్క!

కొండబాటల్లో సైకిల్‌తోపాటు కుక్కనూ పరిగెత్తించడం ఉత్త సరదా అనుకుంటాం. దానికి బైక్‌జోరింగ్ అనే పోటీ ఆటే ఉంది. మంచు మీద కుక్కలతో బండ్లు లాగించే పద్ధతి నుంచి ఇది వచ్చింది. కుక్క మెడకు పట్టీ కాదు, ఒంటికి హార్నెస్ తొడిగి, సాగే తాడుతో సైకిల్ ముందు కడతారు. తాడు సాగకపోతే ప్రతి కుదుపూ కుక్కకూ తగులుతుంది, తొక్కేవాడికీ తగులుతుంది. కుడికి తిరగాలంటే ‘జీ’, ఎడమకు ‘హా’ అని కేక వేస్తారు. మన అరకలో వలపల, దాపల లాంటి లెక్కే!

అసలు చిక్కు వేడితో. మామూలుగానే కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. చెమట పట్టేది ముఖ్యంగా పాదాల మెత్తల్లోనే. ఒంట్లో వేడి చాలావరకు నాలుక చాపి వగరిస్తేనే పోవాలి. పగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకు ఆ వగర్పూ కష్టమే, వాటిని ఇంటి దగ్గరే ఉంచడం మేలు. ఎముకలు ముదరని కూనలకూ ఈ పరుగు వద్దు.

బయల్దేరే ముందు అరచేతి వెనకభాగాన్ని నేలకు ఆనించండి. నేల వేడిని 7 సెకన్లు ఓర్చుకోలేకపోతే, కుక్క పాదాలకూ అది కష్టమే; ఆ పూటకు సైకిల్ లోపల పెట్టేయండి.