మూలవాసుల రాజనీతి: కెనడా ఉన్నత పాఠశాలలలో నొక పాఠ్యవిషయము

కెనడా దేశమునకు పడమటి కొసను, పసిఫిక్ మహాసముద్రము నొరసికొని యున్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున ఉన్నత పాఠశాల విద్య ముగించి పట్టము పొందగోరు ప్రతి విద్యార్థియు, 2023-24 విద్యాసంవత్సరము మొదలుకొని, మూలవాసులకు సంబంధించిన విషయములలో నాలుగు క్రెడిట్లు, అనగా నొక సంపూర్ణ పాఠ్యవిషయమునకు సరిపోవు చదువు, గడింపక తప్పదను నియమ మేర్పడినది. వాంకూవరు చుట్టుపట్ల నుండు సర్రే మొదలగు పట్టణములలో కాపురముండు తెలుగువారి బిడ్డలకును ఇది వర్తించును. గణితముకొఱకును కంప్యూటరు విద్యకొఱకును ఆరాటపడుచు సముద్రములు దాటి వెళ్లిన తల్లిదండ్రులకు, తమ పిల్లవాని కీ పాఠ మెందులకను సందేహము కలుగుట సహజమే. ఈ చదువులో కథలు కలవు, కళలు కలవు, దేవదారు చెక్కడములును బుట్టల యల్లికయు కలవు. కాని యన్నిటికంటె గట్టిదియు, బోధించువారిని సైతము తడబడజేయునదియు నగు భాగము వేఱొకటి కలదు. ఈ జాతులు తమ్ము తామెట్లు పరిపాలించుకొనిరి, ఆ పాలన యెట్లు భగ్నమయ్యెను, నేడు దానిని మరల నెట్లు నిలువబెట్టుకొనుచున్నారు అను రాజనీతి ప్రకరణమే యది.

ఒక ప్రజ యొక్క నృత్యములను తెలిసికొనుట వేఱు, వారి ధర్మశాస్త్రమును తెలిసికొనుట వేఱు. మొదటిది మెచ్చుకోలును పుట్టించును. రెండవది వీరు మనతో సరిసమానులను భావమును పుట్టించును. పసిఫిక్ తీరపు జాతులలో పాట్లాచ్ అను మహావిందు కలదు. తొలినాటి మతబోధకులును అధికారులును దానిని చూచి, ఉన్నదంతయు ఊడ్చి పంచిపెట్టు దుర్వ్యయమని యీసడించిరి. నాయకుడు గతించిన పిదప వాని బిరుదునామము నెవరు ధరింపవలెను, ఆ నామముతోపాటు ఏ నదీముఖమున చేపలు పట్టు హక్కు సంక్రమించును, ఏ కొండచరియ ఏ యింటివారిది, ఎవరి వివాహ మెవరితో జరిగినది, ఎవరి ఋణ మెవరు తీర్చిరి, ఇవన్నియు ఆ విందులో పొరుగు నాయకుల సమక్షమున ప్రకటింపబడునని వారికి తెలియలేదు; తెలిసినవారికి రుచింపలేదు. అచ్చట నతిథులు భోక్తలు మాత్రమే కారు, సాక్షులు. వారందుకొను కానుకలు సాక్ష్యమునకు ప్రతిఫలములు. కానుక స్వీకరించినవాడు ఆ ప్రకటనము నంగీకరించినట్లే యగును. లిపి నాశ్రయింపని సమాజమున దస్తావేజుల కచ్చేరియు, న్యాయస్థానమును, శాసనసభయు ఒక్క కప్పుక్రింద కూడిన ట్లుండు వ్యవస్థ యిది.

దానిని కెనడా ప్రభుత్వము 1884 లో చట్టసవరణ గావించి, మఱుసటి సంవత్సరము నుండి నేరముగా పరిగణించెను. 1921 డిసెంబరులో విలేజ్ ఐలండ్ అను చిన్న దీవియందు క్వాక్వాకవాక్వ జాతికి చెందిన డాన్ క్రాన్మర్ చేసిన విందునకు వచ్చినవారిలో ననేకులపై నేరము మోపబడెను. కొందఱు చెఱసాల కేగిరి. తరతరములుగా వచ్చిన ముఖకవచములును రాగి ఫలకములును స్వాధీనమై మ్యూజియములకు తరలిపోయెను. వానిలో కొన్ని దశాబ్దముల పోరాటము తర్వాత తిరిగివచ్చి, 1980 లో అలర్ట్ బే యందు స్థాపితమైన ఉమిస్టా సాంస్కృతిక కేంద్రమున నిలిచినవి. నిషేధము 1951 లో గాని తొలగలేదు. వినోదమాత్రమైన యాచారము నణచుటకు ఏ ప్రభుత్వమును అఱువదియేండ్లకు పైగా శ్రమపడదు. అణచివేయబడినది మఱియొక ప్రభుత్వమని గ్రహించిన విద్యార్థికి ఈ ప్రకరణములో సగము బోధపడినట్లే.

తూర్పుదిక్కున, ఒంటారియో రాష్ట్రములోని గ్రాండ్ నదీతీరమున నివసించు హోడెనోషోనీ ప్రజల చరిత్ర యింకను విచిత్రమైనది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతు లైదును, పదునెనిమిదవ శతాబ్దమున వచ్చి చేరిన టస్కరోరా జాతియు కలిసి యేర్పడిన యీ సమాఖ్యలో నాయకులను ఎన్నుకొను నధికారము వంశమాతలది. నాయకుడు దారితప్పినచో హెచ్చరించుటయు, వినకున్నచో పదవినుండి దించుటయు వారి పనియే. తాము బ్రిటిష్ రాజునకు మిత్రులమే గాని ప్రజలము కామని వాదించి, 1923 లో కయూగా నాయకుడు డెస్కాహే జెనీవాకు బోయి నానాజాతిసమితి తలుపు తట్టెను. సమితి యాతని మొఱ నాలకింపలేదు. మఱుసటి యేడే కెనడా ప్రభుత్వము ప్రాచీన సభను రద్దుచేసి, ఎన్నికైన మండలిని దాని స్థానమున నిలిపెను. ప్రజాస్వామ్యమును ప్రసాదించితిమని యధికారులు సంతసించిరి కాబోలు! మూలవాసుల వ్యవహారములను శాసించు ఇండియన్ చట్టము ననుసరించి జరిగిన యా యెన్నికలలో స్త్రీలకు 1951 వరకు ఓటు లేదు. నాయకులను నిలిపి దింపుచుండిన స్త్రీలు ఒక్క కలముపోటుతో రాజకీయముగా మూగవారైరి.

1876 నాటి యా ఇండియన్ చట్టమును, దాని నీడన పెరిగిన వసతి పాఠశాలలను గూర్చి విస్తరించి వ్రాయ నక్కఱలేదు. అది నేడు లోకమునకు తెలిసిన కథయే. సుమారు లక్షాయేబదివేలమంది పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి, మాతృభాష పలికినందుకు దండించిన యా విద్యాలయములపై సత్యసంధాన సంఘము విచారణ జరిపి, 2015 లో తొంబదినాలుగు సిఫారసులు ప్రకటించినది. వసతి పాఠశాలల చరిత్రను, ఒడంబడికలను ప్రతి తరగతిలోను బోధింపవలెనను సిఫారసు వానిలో నఱువదిరెండవది. ఈ పాఠములు వ్యాపించుటకు అది యొక ముఖ్యకారణము. అయినను నాకు తోచునది చెప్పెదను. దుఃఖచరిత్రను బోధించుట కష్టమే గాని, రాజనీతిని బోధించుట అంతకంటె కష్టము. బాధను విన్న పిల్లవాడు జాలిపడును. జాలిపడువాడు పైన నిలిచియే జాలిపడును. ఎదుటివారికిని చట్టమున్నదని, తాను నిలిచిన నేలపైననే ఆ చట్టము చెల్లుచుండెనని తెలిసిననాడు వాడు క్రిందికి దిగి మాటలాడవలసి వచ్చును. గాయములతో నారంభించి గాయములతోనే ముగియు పాఠ్యక్రమము, ఎంత సద్బుద్ధితో రచింపబడినదైనను, సగములో నాగిపోయినదే.

అందుచేతనే నిస్గా జాతి చరిత్రను ఈ తరగతులలో నిదానముగా చదువుట మేలు. నాస్ నదీలోయలో వసించు నిస్గా నాయకులు 1887 లో రాజధానియగు విక్టోరియా నగరమునకు బోయి, తమ భూమిని గూర్చి యొడంబడిక చేసికొనుడని యడిగి, తిరస్కృతులై మరలిరి. 1913 లో లండనులోని ప్రివీ కౌన్సిలునకు విన్నపము పంపిరి. ఇండియన్ చట్టమునకు 1927 లో జరిగిన సవరణ, భూమి వ్యాజ్యములకై ధనము సేకరించుటనే నేరముగా జేసినది; అది 1951 వరకు నిలిచెను. 1949 లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన నిస్గా ప్రముఖుడు ఫ్రాంక్ కాల్డర్ తుదకు వ్యాజ్యము నడపి, 1973 లో సుప్రీంకోర్టువఱకు తీసికొనిపోయెను. ఏడుగురు న్యాయమూర్తులలో ఆఱుగురు నిస్గావారికి తెల్లవారి రాకకు పూర్వమే భూమిపై హక్కుండెనని యంగీకరించిరి. ఆ హక్కు తర్వాత నశించినదా, నిలిచియున్నదా యను విషయమున ముగ్గురొకవైపును ముగ్గురొకవైపును నిలిచిరి. ఏడవవారు విధానలోపమును చూపి వ్యాజ్యమును కొట్టివేసిరి. వ్యాజ్యమున నోడినను నిస్గావారు దేశరాజనీతిని మార్చిరి. 1982 నాటి రాజ్యాంగచట్టము ముప్పదియైదవ విభాగమున మూలవాసుల హక్కులకును ఒడంబడిక హక్కులకును స్థానము దొరకుటకు కాల్డర్ తీర్పు దారితీసిన వానిలో నొకటి.

2000 మే 11 నాడు నిస్గా తుది యొడంబడిక యమలులోనికి వచ్చినది. సుమారు రెండువేల చదరపు కిలోమీటర్ల భూమి వారి వశమైనది; నిస్గా లిసిమ్స్ ప్రభుత్వమను పేర తమ భూమి, భాష, సంస్కృతి మున్నగువానిపై శాసనములు చేసికొను నధికారము లభించినది. ఇంతవఱకు విజయగాథ. కాని తరగతిలో చర్చ యిచ్చటనే యారంభము కావలెను. వారు కోరిన భూమిలో వారికి దక్కిన దల్పభాగమే; క్రిమినలు చట్టము కెనడా చేతిలోనే యున్నది; పూర్వముండిన పన్ను మినహాయింపులను కాలక్రమమున వదలుకొనవలసి వచ్చినది. ఇది స్వయంనిర్ణయమా, లేక పురపాలక సంఘమున కొంత హెచ్చైన యధికారమా? నిస్గావారిలోనే దీనిని ప్రశ్నించినవారు కలరు. విద్యార్థి యేదో యొక పక్షమును పట్టుటకంటె, రెండు పక్షముల వాదమును వారి వారి నోట వినుట యవసరము.

దక్షిణమున పొరుగువారైన గిట్క్సాన్, వెట్‌సువెటెన్ జాతులు వేఱొక దారి పట్టిరి. దెల్గముక్ వ్యాజ్యమని పేరొందిన వారి దావాలో విచారణ 374 దినములు సాగినది. తమ భూమిపై తమకు గల యధికారమునకు సాక్ష్యముగా ఒక గిట్క్సాన్ వృద్ధ నాయకురాలు వంశగీతమును పాడబోగా, న్యాయమూర్తి తనకు సంగీతము తలకెక్కదని చెప్పి వారింపజూచెను. ఆ గీతము గానకళాప్రదర్శన కాదు, భూమిపత్రము. కాని యాయన చదివిన న్యాయశాస్త్రమున పాడబడు పత్రములకు చోటు లేదు. 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు మౌఖిక చరిత్రలకు తగిన విలువ నీయవలెనని తీర్పు చెప్పి, పునర్విచారణకు ఆదేశించినది. ఆ పునర్విచారణ నేటివఱకు జరుగలేదు.

ఇందువలన మిగిలిన చిక్కు 2020 ఆరంభమున దేశమంతట బయల్పడినది. వెట్‌సువెటెన్ భూమిగుండ సహజవాయువు గొట్టము వేయుటకు, ఆ మార్గమునందలి ఎన్నికైన మండలులు కంపెనీతో నొడంబడికలు చేసికొని యుండగా, వంశపారంపర్య నాయకులు అంగీకరింపక యడ్డగించిరి. వారికి తోడ్పాటుగా దూరప్రాంతములలో రైలుమార్గములు స్తంభించినవి. ఒక జాతి పక్షమున మాటలాడు నధికార మెవరిది? మండలులు ఇండియన్ చట్టము పుట్టించినవి, వాని యధికారము మూలవాసులకై ప్రత్యేకింపబడిన రిజర్వు భూముల హద్దులోనిది. నాయకుల బిరుదులు విందుశాలలో పుట్టినవి, వారి యధికారము విశాల భూభాగమునకు సంబంధించినది. అట్లని మండలులకు ఓటువేసినవారు వెట్‌సువెటెనులు కారా? వారికి ఉద్యోగములు, ఇండ్లు అక్కఱలేదా? పదునేడేండ్ల విద్యార్థికి దీనికంటె మంచి పౌరశాస్త్ర ప్రశ్న దొరకుట దుర్లభము. దీనికి సమాధానము పుస్తకము వెనుక నుండదు.

అంతర్జాతీయ రంగమున, 2007 లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనమును 144 దేశములు బలపఱచగా, వ్యతిరేకించిన నాలుగింటిలో కెనడా యొకటి. పండ్రెండేండ్ల తర్వాత, 2019 లో, ఆ ప్రకటనమునకు తన చట్టములను అనుగుణము చేయుదునని శాసనము చేసిన రాష్ట్రము బ్రిటిష్ కొలంబియాయే.

స్వయంనిర్ణయమును గూర్చి చెప్పు తరగతిని నడపువారెవరు అను ప్రశ్నయు కలదు. 1972 లోనే జాతీయ ఇండియన్ సంఘము తమ బిడ్డల చదువు తమ యధీనమున నుండవలెనని కోరినది. నోవా స్కోషియాలో మిక్మా ప్రజలు 1998 నాటి చట్టముద్వారా తమ పాఠశాలలను తామే నడపుకొనుచున్నారు. మిగిలినచోట్ల, పెక్కు తరగతులలో, ఈ జాతులకు చెందని యుపాధ్యాయుడే పాఠము చెప్పవలసి యున్నది. బ్రిటిష్ కొలంబియాలో మూలజాతుల విద్యాసంఘము రూపొందించిన బోధనసూత్రములలో, కొంత జ్ఞానము పవిత్రమైనదనియు, అనుమతితో లేక తగిన సందర్భమున మాత్రమే పంచుకొనదగినదనియు నొక సూత్రము కలదు. గిట్క్సాన్ వంశకథలు ఆయా యిండ్ల సొత్తు. ఆ యింటివారిని అడుగక వానిని చెప్పుట ఆ ధర్మమున తప్పు. కనుక ఉపాధ్యాయుడు అట్టి కథను తరగతిలో చెప్పదలచినచో, ముందుగా ఆ యింటి నాయకునియొద్దకు బోయి యడుగవలెను; వలదన్నచో పాఠమును మార్చుకొనవలెను. అడుగుటకు తానేల వెళ్లెనో, వచ్చిన యుత్తరువునకు తానేల లోబడెనో విద్యార్థులకు వివరించినచో, ఆనాటి పాలనపాఠము ఆ కథ లేకయే సాగును.