మధువు పంచిన మన ఖయ్యాములు

ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల సందడి దాటి అబిడ్స్ వైపు నడవండి. ఆదివారం పూట ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. ఆ గుట్టల్లో ఎప్పుడైనా ‘పానశాల’ చేతికి తగిలితే మాత్రం వదలకండి. అది మూత తీయని మధుపాత్ర!

పారశీక కవి ఉమర్ ఖయ్యాం (1048-1131) రుబాయీలను 1859లో ఫిట్జ్‌జెరాల్డ్ ఇంగ్లిషులోకి తెచ్చారు. ఆ మత్తు మెల్లగా లోకమంతా పాకి, మనవాళ్లకూ అంటుకుంది. ఎంత చిత్రమైన గోష్ఠో చూడండి!

దువ్వూరి రామిరెడ్డి (1895-1947) నెల్లూరు సీమ రైతు. ‘కృషీవలుడు’ రాసిన చేత్తోనే ‘పానశాల’ తెరిచారు. అందుకోసం పారశీకమూ నేర్చారు.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) గజ్జెకట్టి సభను ఊపేసిన హరికథా పితామహుడు. ఫిట్జ్‌జెరాల్డ్ మూలానికి ఎంత దూరం జరిగారో తేల్చాలని పట్టుబట్టారు. ఖయ్యాంను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ దించి 1932లో అచ్చువేయించారు.

ఇక పిఠాపురం ఉమర్ ఆలీషా (1885-1945) సాక్షాత్తూ ఓ పీఠాధిపతి. ఆయనా ఖయ్యాంను తెలుగు పద్యాల్లోకి ఒంపారు.

రైతు, హరిదాసు, పీఠాధిపతి... ముగ్గురి చేతుల్లోనూ ఒకే పాత్ర! అందులో ఉన్నది ద్రాక్షరసమా, దైవప్రేమా అన్న తగువు ఇప్పటికీ తీరలేదు. తీరకపోతేనేం? పారశీకమూ, సంస్కృతమూ, తెలుగూ ఒక్కచోట కూర్చుని కబుర్లాడాయి, అది చాలదూ!

ఉస్మాన్‌గంజ్‌లో ఏ సరుకైనా తూకానికే. ఈ పుస్తకాలు మాత్రం తూకానికి పోకూడదు. పోతే, ఆ గోష్ఠి మళ్లీ సమకూరదు.