సానయంత్రము: లోపములను గుర్తించి సవరించు విధము



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టచేలలో రాళ్లకు తగిలి పలుగు, పార, గొడ్డలి త్వరగా మొద్దుబారుచుండును. ఇట్టి పనిముట్లకు ఇంటియొద్దనే పదును పెట్టుకొనుటకై విద్యుచ్ఛక్తితో తిరుగు సానయంత్రము మిగుల ఉపయోగకరము. అయితే దానిని తెలిసి వాడవలెను. అది సాధారణముగా నిమిషమునకు సుమారు 2,800 చుట్లు తిరుగును. ఆ వేగమున ఆరంగుళముల రాయి అంచు గంటకు 80 కిలోమీటర్ల వడిని పోవును. అట్టి రాయి పగిలినచో దాని ముక్క కంటిని పోగొట్టవచ్చును, ప్రాణమునే తీయవచ్చును.

రాయి సరిగా కోయనప్పుడు పనిముట్టును మరింత గట్టిగా నొక్కుట పలువురి వాడుక. అది తగదు. ముందు కారణమును వెదకవలెను. ఏ పరీక్షకైనను మొదట ప్లగ్గును ఊడదీసి, రాయి పూర్తిగా నిలుచువరకు వేచియుండుడు.

1. రాయి మంచిదగునా? క్రొత్త రాయిని బిగించుటకు ముందును, యంత్రము క్రిందపడిన తరువాతను ఈ పరీక్ష తప్పక చేయవలెను. పొడిగా నున్న రాయిని నడిమి రంధ్రములో వ్రేలుంచి వ్రేలాడదీసి, కొయ్యపిడితో ప్రక్కభాగమున నెమ్మదిగా తట్టుడు. రాయిని కొంచెము త్రిప్పి మరల తట్టుడు. కుండను తట్టి కొనువారికి ఈ పరీక్ష క్రొత్త గాదు. ఖంగుమని మ్రోగినచో మంచిది. బొంగురుగా పలికినచో బీట కలదని యెంచి, ఆ రాయిని పగులగొట్టి పారవేయుడు. రాయిపై వ్రాసియున్న వేగము యంత్రపు వేగమునకు తక్కువగా నుండరాదు.

2. యంత్రము అదరుట. పీఠపు మరలు వదులైనవేమో మొదట చూడుడు. అవి బిగువుగా నున్నచో రాళ్లను, నట్టులను తీసివేసి, వట్టి ఇరుసును నడిపి చూడుడు. అప్పుడును అదరినచో బేరింగులు అరిగినవి, లేదా ఇరుసు వంగినది. అదరనిచో దోషము రాతిలోనో, బిగింపులోనో కలదు. ఎడమప్రక్క నట్టుకు మర ఎదురుగా నుండును గనుక, గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పిననే అది వదులగును. రాయికి ఇరుప్రక్కల కాగితపు బిళ్లలు ఉండవలెను. నట్టును మితిమీరి బిగించినచో రాయి చిట్లును.

3. రాయి కోయకుండుట. రాయి ముఖము నున్నబడి మెరయుచున్నచో దాని పలుకులు అరిగినవని తెలియవలెను. ఇత్తడి, అల్యూమినియము వంటి మెత్తని లోహములను అరగదీసినచో ఆ పొడి రాతి సందులలో నిండి పదునును చెరచును. డ్రెస్సరు అను పనిముట్టుతో రాతి ముఖమును సమముగా చెక్కినచో క్రొత్త పలుకులు పైకి వచ్చును.

4. అంచు నీలివన్నెకు తిరుగుట. ఇది వేడి మితిమీరుటకు గుర్తు. అచ్చోట ఉక్కు పదను తగ్గి, ఎంత సానబట్టినను అంచు నిలువదు. ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కు పనివారి ఉలులకైనను, మన కొడవండ్లకైనను ఇదియే నియమము: తేలికగా ఆనించి, మాటిమాటికి నీట ముంచి చల్లార్చవలెను.

5. మోటారు మూలుగుచు తిరుగకుండుట. వెంటనే ప్లగ్గు తీయుడు, లేనిచో తీగచుట్ట కాలును. తరువాత రాతిని చేతితో త్రిప్పుడు. బిగుసుకొనియున్నచో బేరింగులను చూపించవలెను. సులభముగా తిరిగినచో వోల్టేజి తక్కువైయుండవచ్చును, లేదా కండెన్సరు చెడియుండవచ్చును. ప్లగ్గు తీసినను కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండును గనుక దానిని పనివానికే విడువుడు.

6. ఎడము పెరుగుట. రాయి అరిగినకొలది పనిముట్టును ఆనించు పట్టెకును రాతికిని ఎడము పెరుగును. అది 3 మిల్లీమీటర్లకు మించరాదు. మించినచో పనిముట్టు ఆ సందున చిక్కి రాతిని పగులగొట్టును, వ్రేళ్లను లోనికి లాగును. పట్టెను తరచుగా దగ్గరకు జరుపుకొనుడు.

రాయి బిగించిన పిమ్మట కప్పును యథాస్థానమున నుంచి, ప్రక్కకు తొలగి ఒక నిమిషము వట్టిగా తిరుగనిండు. కండ్లద్దములు ధరింపుడు. పైపంచె, వ్రేలాడు చేతులు గల చొక్కా, చేతితొడుగులు పనికిరావు. నిప్పురవ్వలు ఎగురును గనుక గడ్డివామికి దూరముగా యంత్రమును నిలుపుడు.

పలుగు మొద్దుబారినచో మరల పదును పెట్టుకొనవచ్చును. పోయిన కన్ను మరల రాదు. కావున మ్రోగిన రాతినే బిగింపుడు. అదరిన యంత్రమును వెంటనే ఆపుడు.