మంచుపై హాకీ పోటీలు

పచ్చిక బయలులో ఆడు హాకీ ఆటను మీరెరుగుదురు. కొన వంగిన కర్రతో బంతిని కొట్టుచు, ఎదిరి జట్టువారి గోలులోనికి పంపుట ఆ ఆటలోని ముఖ్యకార్యము. ఇట్టి ఆటను గడ్డకట్టిన నీటిపై ఆడువారు గూడ కలరనిన మనకు వింతగా తోచును. మండువేసవిలో దాహము తీర్చుకొనుటకు దప్ప మనకు మంచుగడ్డతో పని యుండదు. కాని కెనడా దేశమున శీతకాలము వచ్చునప్పటికి చెరువులును, నదులును పేరుకొని, మనుష్యుల బరువును సులభముగా మోయగలంత గట్టిపడును. మన దేశములోనే లడఖ్ ప్రాంతమున గడ్డకట్టిన చెరువులపై యువకులు ఈ ఆట ఆడుచుందురు.

మంచుపై ఆడువారు అడుగున సన్నని ఉక్కు పలకలు గల పాదరక్షలు ధరింతురు. వీనిని స్కేట్లందురు. వీని సాయమున ఆటగాడు పరుగెత్తు మనుష్యుని మించిన వేగముతో జారిపోగలడు. మంచుపై గుండ్రని బంతి ఎగిరెగిరి పడును గనుక, దానికి బదులు రబ్బరుతో చేసిన చదునైన బిళ్ళను వాడుదురు. 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరములోని విక్టోరియా స్కేటింగు రింకు అను భవనములో ఒక పోటీ జరిగెను. అందు జట్టునకు తొమ్మండుగురు చొప్పున ఆడిరి. భవనములో ఏర్పాటు చేసిన మొదటి పోటీ యిదియే యని చెప్పుదురు. క్రమముగా ఆటకు నియమములు కుదిరెను. 1886 డిసెంబరులో కెనడా ఔత్సాహిక హాకీ సంఘము స్థాపింపబడెను. ఔత్సాహికులనగా వేతనమునకు గాక, ఆటపై గల ప్రీతిచేతనే ఆడువారు.

ఆ దినములలో జట్టునకు ఏడుగురు. అరగంట చొప్పున రెండు భాగములు ఆడవలెను. అలసిన వాడు ప్రక్కకు తప్పుకొని మరియొకని పంపుటకు వీలులేదు. గోలుకు గుర్తుగా రెండు గుంజలు మాత్రముండెను. వానికి వల లేదు. అందుచే బిళ్ళ గుంజల నడుమ పోయినదా, వెలుపల పోయినదా యను వివాదము తరచు పుట్టుచుండెను. కెనడాలో ఆటకై మంచును యంత్రములతో తయారుచేయుట నాడు లేదు. చలి యున్నన్నాళ్లే ఆట. ఎండ కాసి మంచు కరగెనా, ఆట ముగిసినట్లే. కావున పోటీలన్నియు జనవరి మొదలు మార్చి లోపల జరుగవలసి యుండెను.

ఇంత తక్కువ కాలములో విజేతను నిర్ణయించుట యెట్లు? ఇదియే వారి ముందున్న చిక్కు. 1892 నాటి పద్ధతి యిది: విజేతస్థానము నందున్న జట్టును మరియొక జట్టు సవాలు చేయును. గెలిచినవారు ఆ స్థానమును పొందుదురు. వారిని వేరొకరు సవాలు చేయుదురు. మంచు కరగునాటికి ఆ స్థానమున ఎవరుందురో, వారే ఆ యేటి విజేతలు. పైకి ఇది సరళముగానే కనబడును. కాని ఇందలి లోపము ఆ యేటనే బయటపడినది. ఆటావా నగరపు జట్టు జనవరిలో మాంట్రియల్ జట్టునుండి విజేతస్థానమును గైకొని, సవాలు చేసిన జట్లను ఓడించుచు మార్చి వరకు నిలుపుకొనెను. మార్చి 7వ తేదీన జరిగిన కడపటి పోటీలో మాంట్రియల్ జట్టు ఒక్క గోలు తేడాతో గెలిచినది. ఆ యొక్క గోలుతో ఆటావావారి రెండు నెలల శ్రమ వ్యర్థమయ్యెను. ఏడాది పొడుగున బాగుగా చదివిన విద్యార్థికి, కడపటి ప్రశ్న తప్పినదని సున్న వేసినచో ఎట్లుండునో, ఇదియు నట్లే యున్నది.

ఆ కాలమున కెనడాకు గవర్నరు జనరలుగా నున్నవారు స్టాన్లీ ప్రభువు. ఆయన కుమారులు ఈ ఆటయందు మిక్కిలి ఆసక్తి గలవారు. కుమార్తె యిసోబెల్ గూడ ఆడెడిది. పై పోటీ జరిగిన పదునొకండు దినములకు, అనగా మార్చి 18వ తేదీన, ఆటావాలో క్రీడాకారుల విందొకటి జరిగెను. అచట ఆయన లేఖను చదివి వినిపించిరి. విజేతలకు తానొక పాత్రను బహూకరింతునని ఆయన అందు వ్రాసెను. అంతతో ఊరకొనక, పోటీల ఏర్పాటు అందరికి తృప్తికరముగా నున్నట్లు తోచలేదనియు, ప్రతి జట్టును ఒకసారి తన ఊరను, మరొకసారి ఎదిరివారి ఊరను ఆడునట్లు చేసిన మేలేమో ఆలోచింపుడనియు సూచించెను. పిమ్మట లండను నగరములో పది గినీల వెలకు ఒక వెండి పాత్రను కొనిరి.

1893లో సంఘమువారు క్రొత్త పద్ధతిని అవలంబించిరి. మాంట్రియల్, విక్టోరియాస్, క్రిస్టల్స్ అను మూడు జట్లు మాంట్రియల్ నగరమువి; ఆటావా, క్విబెక్ జట్లు తక్కినవి. ఈ ఐదింటిలో ప్రతి జట్టును తక్కిన నాలుగింటితో రెండేసి మార్లు ఆడవలెను. అనగా ఒక్కొక్క జట్టునకు ఎనిమిది పోటీలు. ఐదెనిమిదులు నలుబది; కాని ఒక్కొక్క పోటీ రెండు జట్ల లెక్కలోను చేరును గనుక మొత్తము పోటీలు ఇరువది. ఎక్కువ పోటీలు గెలిచినవారే విజేతలు.

జనవరి 7వ తేదీన జరిగిన మొదటి పోటీలోనే మాంట్రియల్ జట్టు ఆటావా చేతిలో ఓడిపోయెను. పాత పద్ధతి యైనచో విజేతస్థానము ఆ దినముననే చేజారెడిది. క్రొత్త పద్ధతిలో అది ఎనిమిదింటిలో ఒక్క ఓటమి మాత్రమే. మాంట్రియల్ వారు అధైర్యపడక తక్కిన ఏడు పోటీలను గెలిచిరి. వానిలో ఆటావాతో ఆడిన రెండవ పోటీ గూడ నొకటి. ఆటావావారు ఆరు గెలిచి రెండింట ఓడిరి. ఒక్క పోటీ తేడాతో మాంట్రియల్ జట్టు విజేత యయ్యెను. నిరుడువలెనే ఆటావాకు రెండవ స్థానమే దక్కినది. కాని ఈమారు ఒక్క దినపు ఆటచేత గాక, మూడు నెలల లెక్కచేత నిర్ణయము జరిగినది. ఓడినవారికి దుఃఖము కలుగవచ్చును గాని, అన్యాయము జరిగెనను మాటకు చోటు లేదు.

ఇక పాత్ర సంగతి. మాంట్రియల్ హాకీ జట్టు ఆ నగరములోని ఒక పెద్ద వ్యాయామసంస్థకు అనుబంధముగా నుండెను. పాత్రకు ధర్మకర్తలైనవారు దానిని ఆటగాండ్రకు గాక ఆ పెద్ద సంస్థకు సమర్పింప నేర్పాటు చేసిరి. మే 15వ తేదీన జరిగిన సంస్థ వార్షికసభలో అధ్యక్షుడే దానిని స్వీకరించెను. చెమటోడ్చి గెలిచిన తమతో ముందుగా సంప్రతింపలేదని హాకీ జట్టు నిర్వాహకులు నొచ్చుకొనిరి. పాత్రను అందుకొనుటకు వారు రాలేదు. 1894 ఆరంభమునకు గాని ఈ తగవు తీరలేదు. తొలి యేటి విజయమునకు గుర్తుగా పాత్రపై పెద్ద సంస్థ పేరు చెక్కబడెను. 1894లో ఆ జట్టే మరల గెలిచినప్పుడు మాత్రము ‘మాంట్రియల్ 1894’ అని చెక్కిరి. సంస్థ పేరు చేర్చలేదు. ఆ చిన్న వ్రాతలో ఆటగాండ్ర ఆత్మగౌరవము కనబడుచున్నది.

స్టాన్లీ ప్రభువు 1893 వేసవిలోనే ఇంగ్లండునకు మరలిపోయెను. తానిచ్చిన పాత్రకై జరిగిన పోటీ నొక్కదానిని గూడ ఆయన చూడలేదు. కాలక్రమమున ఈ ఆట వేతనము పుచ్చుకొనువారి చేతిలోనికి పోయెను. నేడు ఆ పాత్రకై ఆడువారు వారే. కాని ఆ పాత్రతోపాటు ఆయన ఇచ్చిన సలహా పాత్రకంటె తక్కువ విలువ గలది కాదు. మీ పాఠశాలలో పోటీలు జరుపునప్పుడు, ఒక్క ఆటతో ఒక జట్టును ఇంటికి పంపక, ప్రతి జట్టును ప్రతి జట్టుతో ఆడింపుడు. గెలిచినవారిని వారి పేరుతోనే గౌరవింపుడు. అప్పుడు ఓడినవారు గూడ మరునాడు సంతోషముతో ఆటస్థలమునకు వత్తురు.