పెట్టెలో మిగిలిన వస్తువులు

మా కార్యాలయపు గది ద్వారమునకు కుడిప్రక్కన ఒక పాత చెక్కపెట్టె కలదు. పాఠశాల ఆవరణలో ఎవరికి ఏ వస్తువు దొరికినను అది అందులో చేరును. ఏడాది చివర దానిని ఖాళీ చేసి లెక్క వ్రాయుట మా అలవాటు. ఈ ఏడాది లెక్కలో తేలినవి ఇవి: నీళ్ల సీసాలు పదునొకండు, గొడుగులు నాలుగు, జామెట్రీ పెట్టె మూతలు మూడు (అడుగుభాగము ఒక్కటియు లేదు), ఎడమకాలి చెప్పు ఒకటి, వెండి కాలిపట్టీ ఒకటి, బస్సు పాసులు రెండు, నల్లదారము కట్టిన కళ్లద్దములు ఒక జత, ఇత్తడి తాళపుచెవి ఒకటి, స్టీలు టిఫిను డబ్బా మూత ఒకటి. ఎడమకాలి చెప్పు పోగొట్టుకొన్న బాలుడు ఆనాడు ఇంటికి ఎట్లు నడిచి పోయెనో, కుడికాలి చెప్పును పిమ్మట ఏమి చేసెనో మాకు నేటికిని బోధపడలేదు.

ఇట్టి వస్తువును చూచినంతనే దాని వెనుక ఒక కథ అల్లుకొనుట పిల్లలకు సహజము. పెద్దలకును సహజమే. కొన్ని ఏండ్లుగా మేము దీనిని ఎనిమిదవ తరగతి తెలుగు వ్యాసరచనలో ఒక పాఠముగా నడుపుచున్నాము. మీ పిల్లలు ఇంటికి వచ్చి ‘ఈ దినము చెప్పును గురించి వ్యాసము వ్రాసితిమి’ అని చెప్పగా కొందరు తల్లిదండ్రులు ఆశ్చర్యపడి మమ్ము అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పాఠము నడుపు పద్ధతి ఇది. పెట్టెలోని వస్తువు నొకదానిని బల్లపై నుంచెదము. పిల్లలు కాగితమును మూడు భాగములుగా గీసికొందురు. మొదటి భాగమున కంటికి కనబడునది మాత్రమే వ్రాయవలెను. రెండవ భాగమున, కనబడినదానినిబట్టి చెప్పదగినది. మూడవ భాగమున వారి ఇష్టము. ఎట్టి కథయైనను కల్పింపవచ్చును. అందరును మూడవ భాగమునకే ఉరుకుదురు. మొదటి భాగము నింపించుటకే మాకు గంటలో ముప్పావువంతు పట్టును.

ఈ ఏడాది స్టీలు మూతతో జరిగిన సంగతి చెప్పెదము. మూతపై తెలుగు అక్షరములలో ఒక పురుషుని పేరు, దాని క్రింద ఒక తేదీ కలవు. పిల్లలు వెంటనే హాజరు పట్టీలను తిరుగవేసి ఆ పేరు గల బాలుని వెదకిరి. అట్టివాడు ఏ తరగతిలోను లేడు. పిదప ఉపాధ్యాయుల పేర్లు చూచిరి, వంటవారి పేర్లు చూచిరి. లేదు. అప్పుడు మేము, ‘వెదకుట ఆపి మొదట చూడుడు’ అంటిమి.

చూడగా చూడగా కొన్ని సంగతులు బయటపడెను. అక్షరములు గీతలుగా లేవు, చుక్కచుక్కగా ఉన్నవి. చుక్కల నడుమ ఎడము సమానముగా లేదు. నేడు పాత్రల దుకాణములలో విద్యుత్తుతో కదలు సూదివంటి పనిముట్టుతో పేరు చెక్కుదురు. ఆ వ్రాత సన్నగా, ఒక్క తీరుగా ఉండును. పూర్వము చిన్న ఉలిని సుత్తితో కొట్టి ఒక్కొక్క చుక్కయే పెట్టెడివారు. కనుక ఈ మూత పాతదని ఒక బాలుడు చెప్పెను. తేదీయు అట్లే చెప్పుచుండెను. కాని తేదీ లేకున్నను ఆ మాట చెప్పుటకు వీలుండెనని మా సంతోషము. మూత అంచున ఒకచోట మాత్రమే లోపలికి నొక్కు ఉన్నది. చెంచా మొనతో ఎత్తి తీయుటవలన అట్టి నొక్కు పడును. ఇంత వరకు బాగుగా నున్నది. కాని యజమాని ఎవరు?

వెనుక వరుసలోని ఒక బాలిక నెమ్మదిగా లేచి, ‘మా ఇంట ఏ గిన్నె చూచినను మా పేరుండదు, అయ్యా. అన్నియు ఇతరుల పేర్లే’ అన్నది. తరగతి అంతయు నవ్వెను. మేము నవ్వలేదు, ఏలయన చిక్కు విడిపోయెను. పెండ్లికి, గృహప్రవేశమునకు బహుమతిగా ఇచ్చు పాత్రపై మనవారు చెక్కించునది పుచ్చుకొనువారి పేరు కాదు, ఇచ్చువారి పేరు. కాబట్టి ఆ పేరు గల మనిషి యింట ఆ డబ్బా ఎన్నడును ఉండి యుండదు! పేరును నమ్మి వెదకినంత కాలము మనము తప్పుదారినే పోవుచుంటిమి.

మరునాడు ప్రార్థన సమయమున పేరు చెప్పుట మాని, మూతను ఎత్తి చూపి, అంచున నున్న నొక్కును వర్ణించితిమి. ఆరవ తరగతి బాలిక ఒకతె వచ్చి అది తనదే యన్నది. అంతకు మునుపు రెండుసార్లు ఆమె పెట్టె యొద్దకు వచ్చి, వేరొకరి పేరు చూచి, తనది కాదేమోనని వెనుదిరిగి పోయినదట. ఆ పేరు ఎవరిదని అడిగితిమి. ఆమెకు తెలియదు. సాయంకాలము ఇంటికి పోయి అవ్వ నడిగి వచ్చినది. అవ్వ పెండ్లికి అవ్వగారి మేనమామ ఏడు గిన్నెలతోపాటు ఇచ్చిన డబ్బా అది. గిన్నెలలో నేడు మిగిలినది ఆ డబ్బా ఒక్కటే. మేనమామ పోయి చాలకాలమైనదట. ఆ పేరును పిల్ల మా ఎదుట కూడబలుకుకొని చదివెను. అంతకు ముందు ప్రతిదినము ఆ మూత తెరచి అన్నము తినుచున్నను దానిని ఒక్కసారియు చదువలేదని చెప్పెను.

పేరు లేని గుర్తులును కలవు. మన పొరుగుననే వాషర్‌మన్‌పేట కలదు. మన పెద్దలు చాకలిపేట యనెడివారు. తూర్పు ఇండియా కంపెనీ నూలుబట్టల వర్తకము చేసిన రోజులలో బట్టలు ఉతికి చలువ చేయువారు నివసించినందున ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ఊరివారి బట్టలన్నియు ఒకచోట కలిసి ఉడుకునప్పుడు ఎవరి చొక్కా ఎవరిదో తెలియుటెట్లు? రజకులు నల్లజీడి గింజను గుచ్చి, ఆ రసముతో బట్ట మూలను చిన్న గుర్తు పెట్టి, సున్నము తాకించెడివారు. ఆ నలుపు ఎన్ని ఉతుకులకును పోదు. ఆ గుర్తు అక్షరము కాదు. రెండు చుక్కలు, ఒక గీత, ఒక ఇంటు గుర్తు, ఇట్టివి. అక్షరము రానివారును దానిని చదువగలరు. మిక్కిలి చదివిన మనము చదువలేము. దిక్కులేని బట్ట దొరికినప్పుడు పోలీసువారు ఆ గుర్తు పట్టుకొని రజకుని, రజకుని ద్వారా ఇంటిని కనుగొనుట మన దేశమున చాలకాలము నడచిన పద్ధతి. ఇప్పుడు ఇంటింట యంత్రములు వచ్చినవి. మా పెట్టెలో చేరు చొక్కాలపై దుకాణపు చీటి తప్ప మరి యే గుర్తును ఉండదు.

వస్తువు చిన్నదైనను అది చెప్పు కథ ఎంత పెద్దది కాగలదో మన పట్టణమునకు సంబంధించిన ఉదాహరణ మొకటి పిల్లలకు ఏటేటా చెప్పెదము. 1863 మే 30వ తేదీన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు పల్లావరములో సైనికుల కవాతు మైదానము చెంత, కంకర త్రవ్విన గుంటలో, చెక్కిన రాయి నొకదానిని చూచెను. అది ఆదిమానవుడు చేతబట్టి వాడిన రాతి పనిముట్టు. అంతకు ముందు ఆ గుంట త్రవ్విన కూలీలు, ఆ దారిన నడచిన సిపాయీలు అట్టి రాళ్లను ఎన్ని చూచిరో! వారికది కంకర. ఫుట్ మాత్రము ఫ్రాన్సు దేశమున సోమ్ నది లోయలో దొరికిన పనిముట్లను గురించి చదివి యుండెను, కనుక గుర్తుపట్టెను. అదే ఏడాది సెప్టెంబరులో ఆయనయు, విలియం కింగ్ అను తోటి ఉద్యోగియు తిరువళ్లూరు ప్రాంతమున అత్తిరంపాక్కములో మరికొన్నింటిని కనుగొనిరి. అచ్చటి పనిముట్లలో అతిప్రాచీనములైనవి సుమారు పదునైదు లక్షల ఏండ్ల నాటివని 2011లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఈ ఫుట్‌గారే 1880 దశకమున మన కర్నూలు సీమలో, బేతంచెర్ల సమీపమునగల బిల్లసర్గం గుహలను శోధించెను. ఆయన సేకరించిన వస్తువులు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. 1851లో ఏర్పడిన ఆ మ్యూజియమునకు సెలవు దినమున పిల్లలను తీసికొనిపోవుడు. తొండియార్‌పేటకు 2021 ఫిబ్రవరిలో మెట్రో రైలు వచ్చినది గనుక ప్రయాణము మునుపటివలె కష్టము కాదు.

ఫుట్‌గారి వలన మేము నేర్చినది మరొకటి కలదు. ఆయన రాయిని తీసికొని జేబులో వేసికొని ఊరకుండలేదు. అది ఏ చోట, ఏ రకపు మట్టి పొరలో దొరికెనో వ్రాసిపెట్టెను. చోటు తెలియని వస్తువు మూగది. ఆ రాయినే ఎవరో ఏరుకొని బల్లమీద కాగితములు ఎగురకుండ పెట్టుకొని యుండినచో, అది ఎంతటి పాతదో చెప్పుటకు ఆధారము మిగిలెడిది కాదు.

ఇక మా తప్పు. కొన్ని ఏండ్ల క్రిందట ఒక వర్షాకాలమున ఒక తరగతిలో యాత్రకై పోగుచేసిన డబ్బులో కొంత తక్కువైనది. ఆ మధ్యాహ్నమే ఒక బల్ల క్రింద చేతిరుమాలలో ముడివేసిన కొన్ని నోట్లు దొరికినవి. ఆ బల్లయందు కూర్చుండువాడు రేవులో మూటలు మోయు కూలి కుమారుడు. ‘వీనికి ఇంత డబ్బు ఎక్కడిది?’ అని ఎవరో అనిరి. అంతే. కథ దానంతట అదే అల్లుకొనెను. మేమును దానిని నమ్మితిమి. బాలుని పిలిచి అందరి ఎదుట అడిగితిమి. వాడు తలవంచుకొని ఒక్కమాటయు చెప్పలేదు. ఆ మౌనమును కూడ కథలో చేర్చుకొంటిమి.

మరునాటి ఉదయము వాని తల్లి వచ్చినది. గట్టిగా ఒక్కమాట అనలేదు. ‘ముడి మొత్తము విప్పి చూచితిరా, అయ్యా?’ అని మాత్రము అడిగినది. విప్పి చూచితిమి. నోట్ల నడుమ నాలుగు మడతలు పెట్టిన వైద్యుని చీటి యుండెను. బడి విడిచిన పిదప అవ్వకు మందులు కొనవలెనని తల్లి ఇచ్చిన డబ్బు అది. రుమాలు మాచేత ఉండగా ఆ రాత్రి ఆ ముసలమ్మకు మందు లేదు. తక్కువైన యాత్ర డబ్బు మూడు దినములకు ఒక లెక్క పుస్తకపు అట్టలోనే దొరికినది. ప్రార్థన సమయమున అందరి ఎదుట ఆ బాలునితో ‘మేము పొరపడితిమి’ అని చెప్పితిమి. వాడు తల ఊపెను. ఆ ఏడాది మిగిలిన నెలలలో వాడు తరగతిలో ఒక్క ప్రశ్నకును చేయి ఎత్తలేదు. మొదటి భాగము నింపనిదే మూడవ భాగమునకు పోరాదను మా పాఠము ఆ సంవత్సరమే మొదలైనది. పిల్లల కొఱకు కాదు, మొదట మా కొఱకు.

అప్పటినుండి పెట్టెతోపాటు ఒక పుస్తకము ఉంచితిమి. వస్తువు దొరికిన చోటు, దినము, గంట, తెచ్చి యిచ్చిన పిల్లవాని తరగతి అందులో వ్రాయబడును. మూటగాని సంచిగాని అయినచో ఇద్దరు ఉపాధ్యాయుల ఎదుట పూర్తిగా విప్పి, లోపలివన్నియు వ్రాసిన పిదపనే ఎవరినైనను పిలుతుము. ఒక్కనినే, గదిలోనే పిలుతుము.

పెద్దలు కొందరు ‘దొరికినది దొరికినవానిదే కదా’ అందురు. చట్టము అట్లు చెప్పదు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 71వ సెక్షను ప్రకారము, ఇతరుల వస్తువు దొరికి దానిని తన యొద్ద నుంచుకొన్నవానికి, ఒకరు అప్పగించిన వస్తువును కాపాడువానికి గల బాధ్యతయే కలుగును. తన సొంత వస్తువును వివేకవంతుడు ఎంత జాగ్రత్తగా చూచుకొనునో అంత జాగ్రత్తగా దానిని చూడవలెను. యజమానిని వెదకుటకు తగిన ప్రయత్నము చేయవలెను. భూమిలో దాగిన నిధి దొరికి, దాని విలువ పది రూపాయలకు మించినచో, 1878 చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. పల్లెలో పొలము గలవారు దీనిని గుర్తుంచుకొనవలెను. లండను నగరమున బస్సులలో, రైళ్లలో మరచిన వస్తువుల కొఱకు 1933లో బేకర్ వీధిలో ఒక కార్యాలయము తెరచిరి. 2019 వరకు అది అచ్చటనే నడచినది. కట్టుడు పండ్లు కూడ అందు చేరినవట! పండ్లు మరచి రైలు దిగిన పెద్దమనిషి ఎవరో గాని, ఆ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడైనను గుర్తుకు రాలేదా?

తల్లిదండ్రులకు మా మనవి ఒకటి. వస్తువులపై పిల్లల పేరును, తరగతిని వ్రాసి పంపుడు. మా పెట్టెకు వచ్చు వస్తువులలో పేరున్నవే తక్కువ. ఉన్న పేరు ఆంగ్లమున, అప్పుడప్పుడు తమిళమున ఉండును. తమిళము మన పిల్లలకు రావలసినదే. 2006 చట్టము తరువాత ఒకటవ తరగతినుండి నేర్చుచున్నారు, మంచిదే. కాని తెలుగున వ్రాసిన చీటీ కనబడినప్పుడు అది అవ్వయో తాతయో వ్రాసినదని అక్షరపు తీరుచూచి చెప్పగలుగుచున్నాము. ఆ చీటీని పిల్లవాని చేతనే వ్రాయించిన బాగుండునని మా కోరిక.

నల్లదారము కట్టిన కళ్లద్దములు ఇంకను మా యొద్దనే ఉన్నవి. పుస్తకము ప్రకారము అవి వార్షికోత్సవపు మరునాటి ఉదయము, మూడవ వరుస కుర్చీ క్రింద దొరికినవి. చట్రము వెడల్పు చూడగా పిల్లలవి కావు. దారము రెండుచోట్ల తెగి ముడివేయబడినది. ఎడమ అద్దముపై సన్నని గీత కలదు. ఇంతకు మించి మేము చెప్పబోము. మీ ఇంట ఏ పెద్దలైనను అప్పటినుండి పత్రిక చదువుటకు కష్టపడుచున్నచో, పని దినములలో ఉదయము తొమ్మిది గంటలకు కార్యాలయమునకు వారిని పంపుడు. ఆ గీత ఎట్లు పడినదో వారే చెప్పవలెను.