ఊరి లెక్క అడిగేవారెవరు?

చెన్నపురి నగరసభ 1688 సెప్టెంబరు 29వ తేదీన మొదలయినది. ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన సన్నదు దానికి ఆధారము. పన్ను వేయు అధికారము నాడే లభించినది. మొదటి మేయరును మాత్రము పౌరులు ఎన్నుకొనలేదు, సన్నదే నియమించినది.

ఓటు వచ్చిన పిదప మాత్రము మన కష్టము తీరినదా? 1973లో కౌన్సిలు రద్దయి, 1996 వరకు మరల ఎన్నిక జరుగలేదు. ఇరవై యొక్క యేట వార్డు ఓటుకై కనిపెట్టుకొన్నవాడు నలుబది నాలుగవ యేట గాని దానిని వేయలేదు. పన్ను నోటీసు మాత్రము తప్పక వచ్చుచునే యుండెను! ఆయవ్యయపట్టికను ప్రత్యేకాధికారియే వ్రాసి, తానే ఆమోదించుకొనెను.

ఈ లోపము దిద్దుటకే 1993 జూన్ 1 నుండి 74వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చినది. కౌన్సిలు గడువు అయిదేండ్లు. అది ముగియక మునుపే ఎన్నిక. దానిని జరుపుటకు రాష్ట్ర ఎన్నికల సంఘము. నగరాలకు నిధుల పంపకము సూచించుటకు అయిదేండ్లకొక ఆర్థిక సంఘము. అయినను 2016 అక్టోబరు మొదలు 2022 ఫిబ్రవరి వరకు మరల కౌన్సిలు లేకపోయెను. వ్యాజ్యాలు, వార్డుల పునర్విభజన అడ్డు వచ్చినవి.

మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకొనవలెనా, కౌన్సిలర్లు ఎన్నుకొనవలెనా అను నియమము సయితము 1996 నుండి పలుమార్లు మారినది.

చట్టము కాగితముపై నుండిన చాలదని మాకు తోచుచున్నది. తరతరాలుగా ఇచట కాపురమున్న మనము ఈ ఊరికి అతిథులము కాము. ఇంటిపద్దు చూచుకొను ఇల్లాలివలె మన వార్డు పద్దును కూడ ఏటేట అడిగి చూతము.